వెనక వరస మొక్కలు – ఒక నల్ల కవరు చరిత్ర

ఏ నర్సరీకైనా వెళ్ళి చూడండి. గేటు దగ్గర గులాబీలు, మందారాలు, రంగురంగుల క్రోటన్లు నిగనిగలాడుతూ కనిపిస్తాయి. అక్కడే ఆగిపోకుండా కాస్త వెనక్కి వెళితే, నీళ్ళ తొట్టి పక్కనో, ఖాళీ కుండీలు పేర్చిన మూలనో ఇంకో వరస ఉంటుంది. ఆకులు సగం రాలి, కవరు చిరిగి, అడుగునుంచి వేళ్ళు బయటికొచ్చి నేలలోకి దిగబడిపోయిన మొక్కలు. వాటికి ధర అడిగితే నర్సరీ కుర్రాడు మొక్కకేసి ఓసారి, మన మొహంకేసి ఓసారి చూసి "ఎంతో కొంత ఇచ్చి తీసుకెళ్ళిపోండి సార్, ఎలాగూ పారేసేదే" అంటాడు.

గత మూడేళ్ళుగా నేను ఎక్కువగా ఈ వెనక వరస కస్టమర్నే. వారాంతాల్లో ఒకటో రెండో తెచ్చుకుని, మట్టి మార్చి, వేళ్ళు సరిచేసి, మా బాల్కనీలో పెట్టుకుంటాను. ఇప్పటిదాకా ఇరవై పైగా తెచ్చాను. పద్నాలుగు బతికాయి. మిగిలినవి పోయాయి.

చెయ్యగా చెయ్యగా నాకు కొన్ని ప్రశ్నలు పట్టుకున్నాయి. అసలు మొక్కని ఈ నల్ల కవర్లో ఎందుకు పెడతారు? లోపల ఆ మట్టి రాయిలా ఎందుకుంటుంది? కుండీ అడుగున పెంకులు వెయ్యమని అందరూ ఎందుకు చెబుతారు? మనం రోజూ చూసే లెగసీ కోడ్ లాంటిదే ఇదీ. ఎవరో ఎప్పుడో ఏదో కారణానికి పెట్టిన లైను. కారణం ఎప్పుడో పోయింది, లైను మాత్రం అలాగే ఉంది. దాన్ని తీసేసే ముందు ఎందుకు పెట్టారో తెలుసుకోవాలి కదా. అలా తవ్వుకుంటూ పోతే దొరికిన కథ ఇది.

కుండీ అంటే ప్రయాణం

మొక్కకి సహజంగా కుండీ అవసరం లేదు. దానికి నేల చాలు. కుండీ అవసరమయ్యేది దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రమే. అంటే కుండీ చరిత్రలో పెద్ద భాగం రవాణా చరిత్రే అన్నమాట.

దీనికి చాలా పాత సాక్ష్యం ఈజిప్టులో ఉంది. సుమారు 3,500 ఏళ్ళ క్రితం హత్‌షెప్సుత్ అనే రాణి పుంట్ అనే దేశానికి ఓడలు పంపి, ధూపద్రవ్యాలనిచ్చే చెట్లని తెప్పించింది. డెయిర్ ఎల్ బహ్రీలోని ఆమె ఆలయం గోడల మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. చెట్లని వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టి, ఆ బుట్టల్ని కర్రలకి తగిలించి మనుషులు భుజాల మీద మోసుకెళుతుంటారు. నర్సరీ నుంచి స్కూటర్ ముందు పెట్టుకుని మొక్క తెచ్చుకోవటం మనతో మొదలైంది కాదు :)

మన దగ్గరా ఈ విషయం మీద ఆలోచించినవాళ్ళున్నారు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదం అని ఒక అధ్యాయమే ఉంది. మొక్కని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటేటప్పుడు నెయ్యి, నువ్వులు, తేనె, వట్టివేరు, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి వేరు నుంచి మాను దాకా పూయమంటాడు. చెట్టుకీ చెట్టుకీ మధ్య 20 మూరల దూరం ఉత్తమం, 16 మధ్యమం, 12 అధమం అని కొలతలు కూడా ఇచ్చాడు. మరీ దగ్గరగా నాటితే వేళ్ళు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని సరిగ్గా కాపు కాయవట. ఆ నెయ్యీ తేనే ఎంతవరకు పనిచేస్తాయన్నది పక్కన పెట్టండి. మొక్కని కదిలించటం అంటే దాని వేరుకి గాయం చెయ్యటమేనని, ఆ గాయానికి వైద్యం కావాలని, వేళ్ళకి చోటు కావాలని ఆయనకి స్పష్టంగా తెలుసు. వెనక వరస మొక్క జబ్బు కూడా సరిగ్గా అదే, వేళ్ళకి చోటు లేకపోవటం.

వెయ్యికి ఒకటి

యూరప్ వాళ్ళు సముద్రాల మీద పడ్డాక ఈ సమస్య కాస్తా పెద్ద వ్యాపార సమస్య అయిపోయింది. మిరియాలు, కాఫీ, తేయాకు, చెరకు, రంగులు, మందులు... అన్నీ మొక్కలే. ఏ మొక్క ఎవడి చేతిలో ఉంటే వాడిదే డబ్బు. కానీ ఓడలో నెలల తరబడి ప్రయాణం. ఉప్పు గాలి, ఎండ, చలి. మంచినీళ్ళు మనుషులకే చాలవు.

ఎంత ఘోరంగా ఉండేదో చూడండి. మకావ్‌లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉన్న జాన్ లివింగ్‌స్టన్ 1819లో లండన్ హార్టికల్చరల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. చైనా నుంచి ఇంగ్లండుకి పంపిన మొక్కల్లో వెయ్యికి ఒకటి బతుకుతుందని ఆయన లెక్క. వెయ్యి రిక్వెస్టులు పంపితే 999 ఫెయిలయ్యే సర్వర్ని మనమెవరమైనా ప్రొడక్షన్లో ఉంచుతామా? వాళ్ళు ఉంచారు. ఎందుకంటే ఆ బతికిన ఒక్కదాని ధర అంత.

బౌంటీ ఓడ తిరుగుబాటు గురించి సినిమాలు చూసే ఉంటారు. ఆ ఓడ బయల్దేరిందే మొక్కల కోసం. కరీబియన్ తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టటానికి తాహితీ నుంచి సీమపనస మొక్కలు తీసుకెళ్ళాలి. దానికోసం ఓడలో అన్నిటికంటే పెద్ద గదిని నర్సరీగా మార్చారు. కుండీల నుంచి కారిన నీటిని మళ్ళీ పట్టుకుని వాడుకునేలా గది నేలంతా సీసం రేకు పరిచారు. 1,015 మొక్కలు ఎక్కించారు. 1789 ఏప్రిల్ 28న తిరుగుబాటు జరిగింది. కెప్టెన్ బ్లై‌ని పడవలోకి దింపేశారు, మొక్కల్ని సముద్రంలోకి విసిరేశారు. బ్లై బతికి బయటపడి, ఇంకో ఓడలో మళ్ళీ తాహితీ వెళ్ళి, 1793లో ఆ మొక్కల్ని కరీబియన్ దీవులకి చేర్చాడు. తీరా చూస్తే అక్కడి బానిసలకి ఆ కాయ రుచి మొదట్లో నచ్చనే లేదు. యూజర్ని అడగకుండా కట్టిన ప్రాజెక్టు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

సామర్లకోటలో ఒక డాక్టరు

ఈ కథలో మనవాళ్ళకి తెలియాల్సిన ఒక ఊరుంది. సామర్లకోట. రైల్లో వెళుతూ మనం కాకినాడ వైపు బండి మారే స్టేషన్.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో కంపెనీ మద్రాసు వైద్య విభాగంలో చేరి, 1780ల్లో సామర్లకోటలో మకాం పెట్టాడు. డాక్టరుద్యోగం ఒక పక్క, తోట ఇంకో పక్క. మిరియం, కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగులకి మల్బరీ... ఏది మన వాతావరణంలో బతుకుతుందో, ఏది బతకదో నాటి చూసేవాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. అవే 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అనే పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో అచ్చయ్యాయి. అందులో మొక్కలకి తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళు, ఆ తోటకి నీళ్ళు పోసినవాళ్ళు, ఆ బొమ్మలు గీసినవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే. పుస్తకం మీద మాత్రం ఒక్కడి పేరే ఉంది. ఇది కూడా మనకి కొత్తేం కాదు లెండి.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అధికారిగా వెళ్ళాడు. అది 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట. రాక్స్‌బర్గ్ వెళ్ళిపోయే నాటికి అందులో సుమారు 3,500 రకాల మొక్కలున్నట్టు 1814లో అచ్చయిన జాబితా చెబుతోంది. నేటి మన నర్సరీల్లో కనిపించే మొక్కల్లో చాలా భాగం ఇలాంటి తోటల ద్వారానే దేశమంతా పాకాయి. మన కాగితపు పూల చెట్టు సొంతూరు దక్షిణ అమెరికా. కామర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1767లో బ్రెజిల్‌లో దాన్ని సేకరించాడు. ఆయన సహాయకురాలు జాన్ బారే మగవేషంలో ఓడెక్కి, ప్రపంచాన్ని చుట్టొచ్చిన తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. బూగెన్‌విలియా అనే పేరు మాత్రం ఆ యాత్ర నాయకుడికి దక్కింది. మనం ఎంతో సొంతంగా చూసుకునే మనీ ప్లాంటేమో పసిఫిక్ మధ్యలో తాహితీ పక్కనున్న మోరేయా దీవిది. క్రోటన్లు ఇండోనేషియా వైపువి. అంటే మన బాల్కనీల్లో ఉన్నవాళ్ళంతా ఎన్నారైలే :)

చిమ్మట గూడు పెట్టిన సీసా

వెయ్యికి ఒకటి అనే లెక్కని తలకిందులు చేసినవాడు కూడా డాక్టరే. లండన్ తూర్పు భాగంలో ఉండే నథానియెల్ వార్డ్. ఆయనకి ఫెర్న్ మొక్కలంటే పిచ్చి. కానీ లండన్ బొగ్గు పొగకి ఒక్కటీ బతికేది కాదు. 1829లో ఒక చిమ్మట గూడుని తడి మట్టిలో పెట్టి, సీసాలో ఉంచి మూత బిగించాడు. చిమ్మట సంగతి ఏమోగాని, కొన్నాళ్ళకి ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. బయట తోటలో చచ్చిపోయేవి సీసాలో హాయిగా పెరుగుతున్నాయి.

విషయం ఏంటంటే, మూసిన గాజులో నీరు పగలు ఆవిరై, గాజుకి తగిలి చల్లబడి మళ్ళీ మట్టిలోకే దిగుతుంది. నీళ్ళు పొయ్యక్కర్లేదు. పొగ రాదు, ఉప్పు గాలి రాదు. వెలుతురు మాత్రం వస్తుంది.

1833లో వార్డ్ రెండు గాజు పెట్టెల నిండా ఫెర్న్‌లు, గడ్డి పెట్టి సిడ్నీ పంపాడు. నెలల ప్రయాణం తర్వాత అవి పచ్చగా చేరాయి. అదే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలు పెట్టి 1834లో వెనక్కి పంపారు. కేప్ హార్న్ దగ్గర మంచు, భూమధ్యరేఖ దగ్గర మండే ఎండ, అన్నీ దాటి, దారిలో చుక్క నీరు పొయ్యకుండానే బతికి వచ్చాయి. అంతకుముందు ఇరవైలో పంతొమ్మిది పోగొట్టుకునే లాడిజెస్ అనే లండన్ నర్సరీ, ఈ పెట్టెలొచ్చాక ఇరవైలో పంతొమ్మిది బతుకుతున్నాయని లెక్క చెప్పింది.

ఒక పెట్టె చేసిన పనులు చూడండి. రాబర్ట్ ఫార్చ్యూన్ కంపెనీ తరఫున 1848లో చైనా వెళ్ళి తేయాకు మొక్కలు ఈ పెట్టెల్లోనే హిమాలయాలకి పంపాడు. మొదట్లో పంపినవి చాలావరకు చచ్చి చేరాయి. అప్పుడు ఆయన పెట్టెలోని మట్టిలోనే విత్తనాలు చల్లి పంపాడు. ప్రయాణంలోనే మొలకెత్తుతాయి, పెకిలించి నాటిన గాయం ఉండదు. అలా 12,000కి పైగా మొలకలు చేరాయి. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ దక్షిణ అమెరికాకి సింకోనా కోసం వెళ్ళాడు. ఆయన స్వయంగా తెచ్చిన మొక్కలు చనిపోయాయి, తర్వాత వచ్చిన విత్తనాలు, మొక్కలు నీలగిరుల్లో నిలదొక్కుకున్నాయి. ఆ చెట్టు బెరడు నుంచి వచ్చే క్వినైనే మలేరియా మందు. (1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన బేగంపేటలోనే.) 1876లో బ్రెజిల్ నుంచి కొన్ని వేల రబ్బరు విత్తనాలు లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కి చేరితే, అక్కడ మొలిచిన మొక్కల్ని ఇవే పెట్టెల్లో సింహళానికి పంపారు.

దీన్ని విజయగాథగా మాత్రమే చెప్పటం నాకిష్టం లేదు. ఈ పెట్టెల వెనక దొంగతనం ఉంది, తేయాకు తోటల్లో కూలీల బతుకులున్నాయి. పైగా పెట్టెలో మొక్కతో పాటు మట్టి వెళ్ళింది, మట్టితో పాటు పురుగులు, తెగుళ్ళు వెళ్ళాయి. అందం కోసం తెచ్చిన లాంటానా ఇవాళ మన అడవుల్ని కప్పేసింది. పువ్వు బాగుందని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని మింగేసింది. ఈ నష్టాలు అనుభవించాకే దేశాలు మొక్కల మీద క్వారంటైన్ చట్టాలు పెట్టుకున్నాయి. మన దేశంలో 1914లో వచ్చిన చట్టం పేరే విధ్వంసక కీటకాలు, తెగుళ్ళ చట్టం. ఈ పాఠం మన బాల్కనీకీ వర్తిస్తుంది, చివర్లో చెబుతాను.

మట్టికి ఫార్ములా

ప్రయాణం అయింది. ఇక కుండీలో మట్టి సంగతి.

వంద ఏళ్ళ క్రితం ఇంగ్లండులో ప్రతి పెద్ద తోటమాలికీ ఒక్కో మొక్కకి ఒక్కో రహస్య మట్టి మిశ్రమం ఉండేది. గురువు నుంచి శిష్యుడికి తప్ప బయటికి వచ్చేది కాదు. లండన్ శివారు మెర్టన్‌లో జాన్ ఇన్స్ హార్టికల్చరల్ ఇన్‌స్టిట్యూషన్ అని ఒక పరిశోధనా సంస్థ ఉండేది. 1930ల్లో అక్కడ ప్రయోగాల కోసం పెంచుతున్న ప్రిములా నారు మట్టిలోని తెగుళ్ళకి పోవటం మొదలైంది. మొక్కలు పోతే జన్యు పరిశోధన ఆగిపోతుంది. అప్పుడు విలియం లారెన్స్, జాన్ నెవెల్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1939 నాటికి ఒక ఫార్ములా తేల్చారు. ఆవిరితో శుద్ధి చేసిన మంచి మట్టి 7 పాళ్ళు, పీట్ 3 పాళ్ళు, గరుకు ఇసుక 2 పాళ్ళు, కాస్త ఎరువు. దాదాపు అన్ని మొక్కలకీ ఇదే. దీన్ని దాచుకోలేదు, అందరికీ చెప్పేశారు. ఓపెన్ సోర్స్ అనే మాట పుట్టకముందే ఓపెన్ సోర్స్.

తర్వాత 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో ఒక చేపుస్తకం తెచ్చింది. సన్న ఇసుక, పీట్ కలిపి, అసలు తోట మట్టే లేకుండా కుండీ మొక్కల్ని ఆరోగ్యంగా పెంచే పద్ధతి అది. ఇక్కడో ముఖ్యమైన సంగతి బయటపడింది. నేలలో మంచి మట్టి కుండీలో మంచి మట్టి కాకపోవచ్చు. నేలలో నీరు కిందికి దిగిపోవటానికి బోలెడంత లోతుంది. కుండీలో లోతు ఒక జానెడు. అడుగున కొంత మందం ఎప్పుడూ నీటితో నిండే ఉంటుంది, స్పాంజిని తడిపి పట్టుకుంటే కింది భాగంలో నీళ్ళు నిలిచినట్టు.

మరి అడుగున పెంకులు, కంకర వేస్తే నీరు బాగా పోతుందంటారే? పోదు. సన్న మట్టిలోంచి నీరు కంకరలోకి అంత తేలిగ్గా దిగదు. మట్టి పూర్తిగా నిండాకే దిగుతుంది. అంటే నీరు నిలిచే పొర కంకర మీదికి జరుగుతుంది, వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక్క పెంకు చాలు. ఈ అలవాటు పాత లైనే, తీసెయ్యొచ్చు.

పీట్ బురద నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు. తవ్వితే కర్బనం గాల్లోకి పోతుంది. దాని బదులుగా 1980ల తర్వాత ప్రపంచమంతా వాడకం పెరిగింది కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టుకి. అదే కోకోపీట్. కోనసీమ రోడ్ల పక్కన ఒకప్పుడు కుప్పలుగా పడి ఉండే చెత్త అది. ఇప్పుడు ఇటుకలుగా కట్టి ఎగుమతి చేస్తున్నారు.

నల్ల కవరు, కడియం, లారీ

పాత రోజుల్లో మొక్కలు పెరిగేది మట్టి కుండీల్లో లేదా నేలలో. మట్టి కుండీ బరువు, పగులుతుంది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కాలనీలు పెరిగి మొక్కలకి గిరాకీ వచ్చినప్పుడు నర్సరీలవాళ్ళు వాడి పారేసిన రేకు డబ్బాల్లో మొక్కలు పెంచి అమ్మారు. ఇంకోపక్క 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా పాలిథీన్ పుట్టింది. యుద్ధమయ్యాక అది చవకై, సంచులై, నర్సరీల్లోకి వచ్చేసింది. గ్రాముల బరువు, పైసల ఖరీదు. ఏడాదిలో ఏ నెలలోనైనా మొక్క అమ్మొచ్చు.

మన దగ్గర ఆ కథకి రాజధాని కడియం. రాజమండ్రి దగ్గర, గోదావరి తూర్పు డెల్టా కాలవ పక్కన. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల్లో నీరు, పొలాల్లో ఒండ్రు స్థిరపడ్డాయి. పక్కనే కలకత్తా–మద్రాసు జాతీయ రహదారి. నీరు, మట్టి, రోడ్డు మూడూ ఒక్కచోట. 20వ శతాబ్దం రెండో భాగంలో కడియం, కడియపులంక, చుట్టుపక్కల లంకల రైతులు వరి వదిలి మొక్కలకి మారారు. పల్ల వెంకన్న గారి లాంటి వాళ్ళ పేర్లు ఆ దారిలో అందరికీ తెలుసు. రాక్స్‌బర్గ్ తోట పెట్టిన సామర్లకోటకీ ఈ కడియానికీ మధ్య దూరం బండి మీద గంటా గంటన్నర అంతే.

ఇప్పుడు హైదరాబాద్ నర్సరీలో ఆ రాయిలాంటి మట్టి ఉండకి కారణం చెప్పొచ్చు. అది లారీ కోసం. జిగట మట్టి అయితే వందల మైళ్ళు కుదుపుల్లో కూడా ఉండ విడిపోదు, వేళ్ళు తెగవు, మూడు రోజులు నీళ్ళు పొయ్యకపోయినా తడి ఆరదు. వార్డ్ గాజు పెట్టె చేసిన పనే ఈ బంకమట్టి చేస్తోంది. ప్రయాణానికి అది అద్భుతం. కానీ ప్రయాణం అయిపోయాక కూడా మొక్క అందులోనే ఉండిపోతే? ఎండకి మట్టి గట్టిపడుతుంది. నున్నటి ప్లాస్టిక్ గోడకి తగిలిన వేరు ముందుకి వెళ్ళలేక గుండ్రంగా తిరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ మట్టి కంటే వేరే ఎక్కువవుతుంది. పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంది. అదే మన వెనక వరస మొక్క. దానికి జబ్బేం లేదు, ప్రయాణం మధ్యలో దిగబెట్టేశారు, అంతే. బెంచి మీద నెలలు గడిపిన ఫ్రెండ్ ఎవరైనా మీకుంటే ఆ మొక్క పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది.

మరి ఏం చెయ్యాలి

ఇదంతా చదివాక చేసే పని చాలా సులువనిపిస్తుంది.

కొనే ముందు కొమ్మని గోటితో కాస్త గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మాను అడుగున మెత్తగా కుళ్ళి ఉంటే వదిలెయ్యండి. ఆకుల వెనక తెల్లటి దూదిలా పిండినల్లి ఉన్నా, వేళ్ళ మీద ముడులు ముడులుగా బుడిపెలున్నా జాలిపడకండి. అవి మిగతా మొక్కలకి అంటుకుంటాయి.

తెచ్చాక కనీసం రెండు వారాలు విడిగా పెట్టండి. 1914 చట్టం మన బాల్కనీలో అమలు చేసేది ఇక్కడే.

సాయంత్రం పూట, బకెట్ నీళ్ళలో మట్టి ఉండ మునిగేలా బుడగలు ఆగేదాకా ఉంచండి. కవరుని కోసి తియ్యండి, కాండం పట్టుకుని లాగకండి. బయటి బంకమట్టిని వేళ్ళతో మెల్లగా, మూడో వంతు దాకా రాల్చండి. అది అలాగే ఉంచి చుట్టూ తేలిక మట్టి వేస్తే నీరంతా తేలిక మట్టిలోంచి పోయి, లోపలి ఉండ ఎండిపోతుంది. గుండ్రంగా తిరిగిన వేళ్ళని విడదీయండి. విడదీయలేనంత చుట్టుకుపోతే శుభ్రమైన కత్తెరతో కొసలు కత్తిరించండి. కోసిన చోటి నుంచే కొత్త వేళ్ళు పుడతాయి. వేళ్ళు చాలా పోతే పైన కూడా కొన్ని కొమ్మలు తగ్గించండి.

మట్టికి నేను వాడే లెక్క: ఎర్రమట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ ఒకటి, వర్మీ కంపోస్టు ఒకటి, గరుకు ఇసుక ఒకటి, గుప్పెడు వేపపిండి. లారెన్స్ ఫార్ములాకి మన ఊరి వెర్షన్ అనుకోండి. కుండీ పాతదానికంటే రెండంగుళాలు వెడల్పుంటే చాలు. మరీ పెద్దదైతే వేరు చేరని మట్టిలో నీరు నిలిచిపోతుంది. పది రోజులు నీడలో ఉంచండి. కొత్త చిగురు కనపడేదాకా రసాయన ఎరువు జోలికి పోకండి. ఆకులు కొన్ని రాలతాయి, కంగారు పడి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు పొయ్యకండి.

మా టీములో ఒకాయన అడిగాడు: "వంద పెడితే కొత్త మొక్క వస్తుంది. నీ శనివారం మొత్తం ఖర్చు పెట్టి ఇరవై రూపాయల మొక్కని బతికించటం ఏం లెక్క బాస్?" న్యాయమైన ప్రశ్నే. గంటకి ఇంత అని మన టైముకి ధర కట్టుకుంటే ఇది నష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్కలో ఒకటి తప్పిపోయింది. ఆ మొక్క మీద అప్పటికే ఎవరో చాలా ఖర్చు పెట్టేశారు. కడియంలో ఏ ఆడమనిషో వంగి కూర్చుని రోజుకి వందల కవర్లు మట్టితో నింపింది. ఎవరో అంటు కట్టారు, ఎవరో ఏడాది పాటు నీళ్ళు పెట్టారు, ఎవరో లారీకెత్తారు. ఆ పనంతా చివరి నాలుగు అంగుళాల దగ్గర, కవరు తియ్యటానికి ఎవరూ లేక చెత్తకుప్పకి పోతోంది. ఇంకా చెప్పాలంటే కొత్త మొక్క కొన్నా పరిస్థితి ఇదే. కవరు చింపి, ఆ ఉండని అలాగే కుండీలోకి దించేస్తే, ముందు వరస మొక్క కూడా ఆరు నెలల్లో వెనక వరస మొక్క అవుతుంది. కాకపోతే మన ఇంట్లో అవుతుంది.

హత్‌షెప్సుత్ బుట్ట దగ్గర్నుంచి కడియం కవరు దాకా మొక్కని మోసుకెళ్ళటం మనిషి బాగానే నేర్చుకున్నాడు. గమ్యం చేరాక దాన్ని దించటమే ఇంకా సరిగ్గా రాలేదు. ఫార్చ్యూన్ పన్నెండు వేలు పంపగలిగాడు, మనం ఒక్కటి దించితే చాలు. అరగంట పని. ఈ వర్షాకాలం మొదట్లో, తొలి వానలు పడ్డాక చెయ్యండి, మొక్క తొందరగా తేరుకుంటుంది. మీ దగ్గర బతికినవాటి సంగతులూ, బతకనివాటి సంగతులూ రెండూ చెప్పండి. బతకనివాటి నుంచే ఎక్కువ తెలుస్తుంది.